దూరం తెలిసిన బండి

గణేష్ లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతుల నిండా గ్రీజు మరకలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉదయగిరి బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషికి గోపిక మంచినీళ్లు తెచ్చి ఇస్తే, గ్లాసు పట్టుకున్నాడే గాని తాగడం మరిచిపోయాడు.

"అమ్మా, నేను దొంగను కాదు," అన్నాడు ముందుగా.

"కూర్చోని చెప్పు. దొంగలు కూడా కూర్చుంటారు," అంది లిదియమ్మ, వేరుశెనక్కాయ ఒలుచుకుంటూ.

ఆత్మకూరులో లిదియమ్మ ఇంటి ముందుగదికి డిటెక్టివ్ అని బోర్డు కట్టినప్పుడు వీధి వీధంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మంది తర్వాత ఏదో ఒక గొడవతో ఆ గడప ఎక్కినవాళ్లే. ముప్పై ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న బండ్లను పరీక్షించిన మనిషి ఆమె. ఏ సొట్ట రోడ్డు మీద పడిందో, ఏ సొట్ట షెడ్డులో సుత్తితో పెట్టారో చేత్తో తడిమి చెప్పేది. గోపిక ఇక్కడికి రాకముందు పదేళ్లు డ్రైవింగు స్కూల్లో ఆడవాళ్లకు బండ్లు నేర్పింది. అక్కడి యజమాని నోటి దురుసు భరించలేక బయటికొచ్చి ఈమె దగ్గర చేరింది. లిదియమ్మ అంటే ఆమెకు గురి, భక్తి రెండూ ఉన్నాయి. ఉన్నదల్లా ఒకటే జబ్బు, పట్టపగలే కలలు కంటుంది.

గణేష్ చివరికి కూర్చున్నాడు.

"ఉదయగిరి బస్టాండు పక్కన నాది మెకానిక్కు షెడ్డమ్మా. హరి, నేను ఒకటో తరగతి నించి ఒకే కంచంలో తిన్నోళ్లం. వాళ్ల నాయన మునెయ్య ఒక పాత మోటారుసైకిలు మీద చెక్క గరిటెలు మూట గట్టుకోని మదురై దాకా పోయి అమ్మొచ్చేవాడు. ఆయన పోయి ఏడాదైంది. ఆ బండి మీద ఇద్దరం కన్యాకుమారి పోదామని చిన్నప్పటి నించి అనుకున్నాం. రెండు నెలలు కూర్చోని ఇంజను మొత్తం ఊడదీసి చేసినాను. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి బయల్దేరినాం. పన్నెండు కిలోమీటర్లు పోయినామో లేదో, మామిడితోట కాడ ఆగిపోయింది."

"ఎట్లా ఆగింది? టక్కునా?"

"లేదమ్మా. నిద్రొచ్చినట్టు, మెల్లగా."

"మళ్లీ స్టార్టయిందా?"

"ఎన్ని కిక్కులు కొట్టినా కాలా. పెట్రోలుందా లేదా అని మూత తీసి చూసి మూసినాం. అప్పుడు స్టార్టయింది. భయమేసి ఇంటికి తిప్పేసినాం." గణేష్ గొంతు తగ్గించాడు. "ఇట్టా నాలుగుసార్లు. ఒకసారి బద్వేలు దారిలో, ఒకసారి ఏఎస్ పేట దర్గాకు పోతా. ప్రతిసారీ ట్యాంకు నింపి దూరం బయల్దేరినప్పుడే ఆగింది. హరి ఊళ్లో తిరిగేటప్పుడు రోజూ సీసాతో లీటరు పోసుకుంటాడు. అప్పుడు ఒక్కసారి గూడా ఆగలా. మనం దూరం పోతండామని దానికి తెలిసిపోతాది."

గోపిక ఒళ్లు జలదరించింది. ఆమెకు ఆ మాట నచ్చింది కూడా.

"షెడ్డులో ఏం చూసినావు?" లిదియమ్మ అడిగింది.

"ట్యాంకు దించి, సీసాలో పెట్రోలు పోసి మేకుకు తగిలించి, పైపు ఇంజనుకిచ్చి రెండు గంటలు నడిపినాను. నిక్షేపంగా నడిచింది. ట్యాంకు కడిగినాను, తుప్పు గూడా లేదు." అతను గ్లాసు కింద పెట్టేశాడు. "అసలు సామాన్లు అమ్ముకోని డూప్లికేటువి వేసినానని ఊరంతా అంటన్నారమ్మా. షెడ్డుకు గిరాకీ లేదు. అది పోతే పోనీ. హరి నాతో మాట్లాడ్డం మానేసినాడు. ఆదివారం ఆ బండిని మీ ఆత్మకూరు కోటేశ్వర్ గారికి అమ్మేస్తన్నాడు. బండే చేయి దాటిపోతే ఇంక నేనేం చూపించేది? చచ్చేదాకా దొంగనే."

లిదియమ్మ వేరుశెనగ పొట్టు ఊదేసి, "గోపికా, కారు తియ్," అంది.

అక్టోబరు వానలు వెలిసిన రోజులవి. ఆత్మకూరు దాటాక రోడ్డు మీద నీటి ఆవిరి లేస్తోంది, ఎదురొచ్చే లారీలు అందులోంచి చప్పుడు లేకుండా పుట్టుకొస్తున్నట్టు కనిపిస్తున్నాయి. కాసేపటికి ఉదయగిరి కొండ కనపడింది. కోట గోడలు మబ్బులో సగం కరిగిపోయి, ఏది రాయో ఏది మబ్బో తేలడం లేదు. ఇలాంటి చోట ఒక బండికి మనసుండడం పెద్ద వింతేమీ కాదనిపించింది గోపికకు. పక్కన లిదియమ్మ హాయిగా గురక పెడుతోంది.

హరి ఇంటి ముందు పందిరి కింద అతని తల్లి రోశమ్మ కూర్చుని గరిటె చెక్కుతోంది. ఆమె చుట్టూ గరిటెలకు వాడే నర్ది కర్ర పొట్టు తెల్లగా పరుచుకుని ఉంది. వెనక గోడవారగా బండి నిలబడి ఉంది, తోమిన గిన్నెలా మెరుస్తూ. గణేష్‌ను చూసి హరి మొహం తిప్పుకున్నాడు. రోశమ్మ మాత్రం లేచి, "తిన్నావారా?" అని అడిగింది. గణేష్ తలూపాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బండి ఎందుకాగుతోంది రోశమ్మా?" లిదియమ్మ సూటిగా అడిగింది.

"మా ఆయన పోనియ్యడం లేదమ్మా," అంది రోశమ్మ. మాట మామూలుగానే ఉంది, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా. "ఆఖరుసారి మదురై పొయ్యొచ్చి, జరంతో బండి దిగినాడు. వారం తిరక్కుండా పోయినాడు. కొడుకును ఆ దారిలో ఎట్టా పోనిస్తాడు?"

"అమ్మ చెప్పేది నిజమే," అన్నాడు హరి, నేల చూస్తూ. "ఆగినప్పుడు మూత తీస్తే లోపల్నించి ఉస్సుమని నిట్టూర్పు వస్తాది. మా నాయన అట్టే నిట్టూర్చేవాడు."

"అయితే గణేష్ దొంగెట్లా అయ్యాడు? ఆపేది మీ నాయనా, ఇతనా?"

హరి తడుముకున్నాడు. "పగలు ఇతననిపిస్తాది. పడుకున్నాక నాయననిపిస్తాది."

గోపికకు నవ్వు, జాలి కలిసి వచ్చాయి. ఒకే కంచంలో తిన్న స్నేహితుణ్ని నమ్మలేక, చచ్చిపోయిన తండ్రిని నమ్మలేక మధ్యలో నలిగిపోతున్నాడు మనిషి.

"మీ నాయన బండితో ఏమన్నా పద్ధతులు పాటించేవాడా?"

"శానా ఉండేవి. నిమ్మకాయ తొక్కించేవాడు. దూరం పొయ్యే ప్రతిసారీ తుమ్మ ముల్లుతో ట్యాంకు మూతను గుచ్చేవాడు, దిష్టి పోవాలని. మాకవన్నీ నమ్మకం లేదు, మానేసినాం."

"ముల్లు ఎవరు తెచ్చిచ్చేవాళ్లు?"

"అమ్మే. చేలోంచి ఏరి కొంగున కట్టుకోని తెచ్చేది."

రోశమ్మ తల వంచుకుని గరిటె చెక్కుతూనే ఉంది. ఆ గరిటె బొడిపె దగ్గర పురుగు తొలిచిన చిన్న కన్నం ఉంది. ఆమె కాస్త కర్ర పొట్టు తీసుకుని జిగురులో కలిపి, వేలి కొసతో ఆ కన్నంలో కూరింది. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దితే ఆ చోటు కనిపించదని చెప్పింది. గోపిక ముచ్చటపడి, అంతకుముందే ఆరబెట్టిన గరిటె ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడ పూడ్చారో దొరకలేదు.

"కన్నమున్న గరిటెను గడప దాటనియ్యమమ్మా. మా చేతి పనికి అది తలవొంపులు," అంది రోశమ్మ.

ఆ మధ్యాహ్నం బండి నడిపింది గోపిక. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, హరిని వెనక కూర్చోబెట్టుకుని ఆత్మకూరు దారి పట్టింది. వెనక కారులో గణేష్, లిదియమ్మ వచ్చారు. నిజం చెప్పాలంటే అంత మంచి ఇంజను గోపిక ఈ మధ్య నడపలేదు. గణేష్ చేసిన పని ఆమె అరచేతుల్లోకి తెలుస్తోంది. రెండువైపులా బోడి కొండలు, తడిసిన ఎర్ర నేల, ఎక్కడో మేకల గంటలు. గాలికి కళ్లు మూతలు పడుతుంటే, ఇట్లాగే సముద్రం దాకా పోతే ఎంత బాగుంటుంది అనుకుంది. ఇద్దరు పిల్లలు ఎన్నేళ్లుగా ఈ ప్రయాణాన్ని తలుచుకుంటూ పెద్దవాళ్లయ్యారో ఆమెకు అప్పుడు అర్థమైంది. సరిగ్గా అప్పుడే బండి గొంతు సన్నబడింది. ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, మామిడితోట నీడలోకి జారి ఆగిపోయింది.

"చూసినారా?" అన్నాడు హరి గుసగుసగా.

లిదియమ్మ కారు దిగి, "ఎవరూ మూత ముట్టుకోవద్దు," అంది. గణేష్ పది కిక్కులు కొట్టాడు, హరి పది కొట్టాడు. బండి ఉలకలేదు, పలకలేదు. అప్పుడు లిదియమ్మ తనే మూత తిప్పింది. ఉస్సుమని పొడుగాటి ఊపిరి వినపడింది. హరి రెండు చేతులూ జోడించాడు. గోపిక చేతులు కూడా సగం దాకా లేచాయి, మళ్లీ సిగ్గుపడి దించేసుకుంది. గణేష్ ఒక్క కిక్కు కొడితే బండి స్టార్టయింది.

లిదియమ్మ ఇంజను వైపు చూడనైనా లేదు. మూతను చెంగుతో తుడిచి, లోపలివైపు వెలుతురుకు పట్టి చూసింది. సరిగ్గా నడిమధ్యలో సన్నటి కన్నం ఉంది. తిప్పి పైవైపు చూసింది. నున్నగా, నల్లగా ఉంది. మూత లోపలివైపును నోటికి ఆనించి గట్టిగా ఊదింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, అంతే. మూతను మళ్లీ బిగించేసింది.

మరునాడు ఆత్మకూరులో కోటేశ్వర్ ఇంటికి వెళ్లారు. పెద్ద ఆసామి, అరవై ఏళ్లుంటాయి. పాత బండ్లంటే పిచ్చి. ఆయన కొట్టంలో గేదెల కన్నా బండ్లే ఎక్కువ.

"మునెయ్య బండిని మీరు మొదట ఎప్పుడు చూసినారు?" లిదియమ్మ అడిగింది.

"రెండోసారి ఆగినప్పుడు. బద్వేలు నించి వస్తా ఉంటే రోడ్డు పక్కన కనపడింది."

"గణేష్ సామాన్లు మార్చినాడన్న మాట మీరు పుట్టించిందేనా?"

"నేననలా. ఎవరో అంటే కాదని కూడా అనలా." కోటేశ్వర్ మీసం సవరించుకున్నాడు. "నిజానికి అన్నీ అసలువే. నేను వంగి నంబర్లు కూడా చూసుకున్నా."

"మరి ఆ మాట హరికి చెప్పలేదేం?"

"కొనబొయ్యే వస్తువును ఎవరన్నా పొగడతారా మేడం?"

"ఆదివారం పొద్దున వచ్చేటప్పుడు ఆ మాట కూడా వెంట తీసుకురండి," అంది లిదియమ్మ.

దారిలో గోపిక ఉండబట్టలేక, "మేడం, ఇంతకీ ఎవరు?" అని అడిగింది. "నువ్వు చూసినవన్నీ నేనూ చూశాను. నువ్వు బండిలో మనసు వెతుకుతున్నావు, నేను కన్నం వెతికాను," అంది లిదియమ్మ. ఆ మాటలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

ఆదివారం పొద్దున్నే రోశమ్మ పందిరి కింద అందరూ చేరారు. కోటేశ్వర్ బండి ఎక్కించుకోవడానికి చిన్న ట్రక్కు తెచ్చుకున్నాడు. హరి ఆర్‌సీ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గణేష్ అందరికీ దూరంగా, పందిరి గుంజకు ఆనుకున్నాడు.

"ముందు సామాన్ల సంగతి," అని లిదియమ్మ కోటేశ్వర్ వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, అన్నీ అసలువేనని ఒప్పుకున్నాడు. హరి మొహం పాలిపోయింది.

"ఈ బండి ఎక్కడ ఆగిందో అందరూ చెప్పారు. నాలుగుసార్లూ నాలుగు చోట్ల ఆగింది, కాబట్టి చోటుతో పనిలేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఆగింది. మూత తీస్తేనే మళ్లీ నడిచింది. ట్యాంకు దించి సీసా తగిలిస్తే అసలు ఆగనే లేదు. అంటే జబ్బు ఇంజనుది కాదు, గణేష్ చేతిదీ కాదు." లిదియమ్మ తలుపులోంచి కనపడే వంటింటి గట్టు మీది నూనె డబ్బా చూపించింది. "ఈ డబ్బాకు ఒకటే కన్నం పెడితే నూనె వస్తుందా హరీ?"

"రాదు. గాలి పోడానికి ఇంకోటి పెట్టాల."

"ట్యాంకైనా అంతే. మూత మీద గాలి కన్నం ఉంటుంది. అది పూడిపోతే పెట్రోలు కిందికి దిగదు. నిండు ట్యాంకులో పైన గాలి పిడికెడే కాబట్టి పెట్రోలు తొందరగా బిగుసుకుని నిలిచిపోతుంది. లీటరు పోసినప్పుడు ట్యాంకంతా గాలే, పైగా రోజూ పొయ్యడానికి మూత తీస్తున్నావు. మూత తీస్తే బయటి గాలి లోపలికి దూకుతుంది. మీ నాయన నిట్టూర్పు అదే నాయనా. మీ నాయన ముల్లుతో తీసింది దిష్టి కాదు, ఆ కన్నంలో చేరిన దుమ్ము."

లిదియమ్మ బండి మూత ఊడదీసి, కొంగులోంచి సూది తీసి దాని పైన నడిమధ్యలో గుచ్చింది. నల్లటి పెళ్లొకటి లేచి అరచేతిలో పడింది. దాన్ని వేళ్లతో నలిపితే మసి కింద తెల్లగా కర్ర పొట్టు బయటపడింది. జిగురు వాసన గోపిక దాకా వచ్చింది. తిప్పి తిప్పి చూసినా మచ్చ దొరకని ఆ గరిటె గుర్తొచ్చి ఆమె రోశమ్మ చేతుల వైపు చూసింది.

"పొరపాటున చేసి ఉంటాది!" హరి గబగబా అన్నాడు. "కన్నం కనపడితే పూడ్చడం మా అమ్మకు అలవాటు. వానకు నీళ్లు పోతాయని పూడ్చింటాది."

"నేనూ అట్లాగే అనుకుందామని చూశాను," అంది లిదియమ్మ. "అలవాటుగా పూడ్చిన చోటికి నల్లరంగు కలవాలని దీపం మసి పుయ్యరు. పైగా ఆ ముల్లు ఎందుకో తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఇంకొకరు ఉండారు. ఏళ్ల తరబడి కొంగున కట్టి తెచ్చిచ్చిన మనిషి."

రోశమ్మ చేతిలోని ఉలి కింద పెట్టింది.

"ఒకసారి ఆయనతో నేనూ కడపకు పోయినా. బురద పట్టి ఇట్టే ఆగింది. అప్పుడే చెప్పినాడు దిష్టీ లేదు ఏమీ లేదని," అంది. "నేను బ్రేకు జోలికి పోలా. వైరు తెంచలా. పెట్రోలు అందకపోతే బండి మెల్లగా ఆగతాది, పిల్లోడికి దెబ్బ తగలదు. ఆగితే ఇంటికొస్తాడు. అంతే అనుకున్నా."

"మరి నన్ను దొంగన్నారు గదా పెద్దమ్మా," అన్నాడు గణేష్. అతను ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె తట్టుకునేదేమో.

"అన్నారు. విన్నా. నోరు తెరిస్తే వీడు ఎల్లిపోతాడని ఊరుకున్నా." రోశమ్మ గణేష్ వైపు తిరిగింది. "నా కొడుకును ఆపుకోడానికి నీ నోట్లో మన్ను కొట్టినా రా. పైగా తిన్నావా అని అడిగినా."

హరి కాగితాలు మడిచి జేబులో కుక్కుకున్నాడు. గణేష్ దగ్గరికి రెండడుగులు వేసి ఆగాడు. "నేను నిన్ను అడగాల్సింది. నిన్నడక్కుండా ఊరిని అడిగినా," అన్నాడు. గణేష్ పందిరి గుంజను గోకుతూ నిలబడ్డాడు. హరి లిదియమ్మ వైపు తిరిగి, "మేడం, ఈ సంగతి ఈ పందిరి దాటకూడదు. తెలిస్తే మా అమ్మ పరువు పోతాది. ఏదో మూత పాడైందని చెప్పుకుంటాం," అన్నాడు.

కోటేశ్వర్ కూడా అదే మంచిదన్నాడు. గోపిక లిదియమ్మ మొహంలోకి చూసింది. ఎప్పుడూ చివరి మాట తనదే కావాలనుకునే మనిషి ఈసారి నోరు మెదపలేదు, గణేష్ వైపే చూస్తూ కూర్చుంది. గణేష్ తల వంచుకుని, "సరే, అట్టే కానీండి," అన్నాడు. దొంగ కాదని రుజువైన మనిషి మొహంలో ఉండాల్సిన వెలుగు అందులో ఇసుమంతైనా లేదు.

రోశమ్మ లేచింది. ఒళ్లోని పొట్టు దులుపుకుని, కొంగు నడుముకు దోపుకుని, లిదియమ్మ చేతిలోంచి మూత లాక్కున్నంత పని చేసి తీసుకుంది.

"యాడికమ్మా?" అన్నాడు హరి.

ఆమె వీధిలోకి నడిచింది. గోపిక వెనకాలే పరుగెత్తింది. బస్టాండులో నెల్లూరు బస్సు నిలబడి ఉంది. టీ కొట్టు ముందు డ్రైవర్లు, ఆటోవాళ్లు, గరిటెల మూటలతో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. రోశమ్మ మూసి ఉన్న గణేష్ షెడ్డు ముందు నిలబడి, మూత పైకెత్తి పట్టుకుంది.

"మునెయ్య బండిని ఆపింది నేను," అంది. "ఈ కన్నం పూడ్చింది నేను. గణేష్ సూది మందం సామాను గూడా మార్చలా. వాడు దొంగ కాదు. వాణ్ని దొంగంటా ఉంటే విని ఊరుకున్న దాన్ని నేను."

టీ కొట్టు దగ్గర ఎవడో నవ్వాడు. రోశమ్మ అతని వైపు తిరిగి, అదే మాట మొదటి నించి చివరి దాకా ఇంకా గట్టిగా చెప్పింది. నవ్వినవాడు గ్లాసులోకి చూసుకున్నాడు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కండక్టరు విజిల్ ఊదడం మానేసి వింటున్నాడు.

గణేష్ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"చాల్లే పెద్దమ్మా. అందరూ విన్నారు. చాల్లే."

"చాలదురా," అంది రోశమ్మ చెయ్యి విడిపించుకుంటూ. "పైబజారులో ఇంకా చెప్పలా."

మూత పట్టుకుని ఆమె పైబజారు వైపు నడిచింది.